స్టేషన్‌లో పెట్టుకున్న నాలుగు రోజులు కాగితం మీద లేవు. నిరూపించేది ఎట్ల?

పెన్నగట్టు, ప్రొద్దుటూరు

అందరికీ నమస్తే. పారాలీగల్ వాలంటీర్ల (న్యాయసహాయంలో తోడుండే కార్యకర్తల) తరఫున అడుగుతున్నా. మనుషుల పేర్లు, స్టేషన్ పేరు ఇక్కడ పెట్టడం లేదు, దయచేసి అడగొద్దు.

ఒక ఎరుకల కుర్రోడు, 24 ఏళ్లు. దొంగతనం కేసులో అనుమానమని సోమవారం రాత్రి మఫ్టీలో వచ్చి, ఇంటికాడ నుంచి ప్రైవేటు కారులో ఎక్కించుకుపోయినారు. రిమాండ్ రిపోర్టులో మాత్రం శుక్రవారం ఉదయం 6 గంటలకు బైపాస్ మీద "అనుమానాస్పదంగా తిరుగుతుండగా మధ్యవర్తుల సమక్షంలో" పట్టుకున్నట్టు ఉంది. ఆ సాయంత్రమే కోర్టు, అక్కణ్నుంచి జైలు. మేజిస్ట్రేట్ అడిగితే కొట్టలేదనే చెప్పినాడంట, ఎస్కార్ట్ వాళ్లు పక్కనే నిలబడి ఉంటే ఇంకేం చెప్తాడు. ములాఖత్‌కు పోయిన తల్లి చూసింది: పాదం నేలకు ఆనించలేకపోతున్నాడు, తొడలు కమిలిపోయి ఉన్నాయి. రిమాండై 9 రోజులైంది.

రెండోది. ఇదే మండలంలో ఇంకొకాయన మీద ఎర్రచందనం కేసుల్లో పీడీ ఉత్తర్వు, అంటే విచారణ లేకుండా ముందస్తుగా నిర్బంధించే ఉత్తర్వు వేసినారు. ఆయనకు తెలుగు తప్ప రాదు. చేతికిచ్చిన కాగితాల కట్టంతా ఇంగ్లీషే.

మూడోది పాతది. 2008లో పట్టుకుపోయి, ఐదేండ్లు విచారణ ఖైదీగానే ఉంచి, 2013లో నిర్దోషి అని వదిలేసిన పెద్దాయన ఒకరున్నారు. ఇప్పుడు ఆయనకు అడిగే దారి ఏమన్నా ఉందా?

ఏది ముందు చేయాలి, ఏది చేస్తే కేసు చెడుతుంది అన్నది తెలిసినవాళ్లు చెప్పండి.

తుంగభద్ర, కర్నూలు

మొదటి కేసులో గాయాల సంగతి వరకు చెప్తాను. మిగతాది వకీళ్లు చెప్తారు. 9 రోజులంటే ఇప్పటికే ఆలస్యం, రేపే కోర్టులో మెమో వేయించండి.

బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త నేర విచారణ విధాన చట్టం) 53వ సెక్షన్, అంటే పాత సీఆర్‌పీసీ 54 కింద అరెస్టయిన మనిషిని ప్రభుత్వ డాక్టరు పరీక్షించి గాయాలు, దెబ్బల గుర్తులు రాయాలి. అవి సుమారుగా ఎప్పుడు తగిలాయో కూడా రాయాలి. నివేదిక కాపీ అతనికే ఇవ్వాలి. ఊరికే "వైద్య పరీక్ష చేయించండి" అని మెమో వేస్తే క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు రెండు లైన్లు రాసి పంపేస్తాడు. అందుకని విడమరిచి అడగాలి: ఆ జిల్లా పోలీసుల ఛాయ లేని బోధనాసుపత్రి, మీకైతే కర్నూలు గానీ అనంతపురం గానీ, ఫోరెన్సిక్ మెడిసిన్, ఆర్థోపెడిక్స్ డాక్టర్లున్న బోర్డు, స్కేలు పక్కన పెట్టి తీసిన రంగు ఫొటోలు, ఒంటి బొమ్మ మీద ప్రతి మచ్చకూ గుర్తు, ఎస్కార్ట్ సిబ్బంది మాట వినపడనంత దూరంలో ఉండాలని స్పష్టమైన ఆదేశం. బయటి ఆసుపత్రి అడగడం అతి అని ఎవరన్నా అంటే, 2021 మేలో మన రాష్ట్ర ఎంపీ ఒకరు కస్టడీలో కొట్టారని ఆరోపిస్తే సుప్రీంకోర్టు ఆయన్ను సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రికి పంపించి పరీక్ష చేయించిన సంగతి గుర్తుచేయండి.

డాక్టరు "ఎట్ల తగిలింది" అని అడిగినప్పుడు చెప్పే జవాబే ఎమ్మెల్సీ రిజిస్టరులో, అంటే పోలీసు కేసుల గాయాలు రాసే ఆసుపత్రి పుస్తకంలో ఎక్కుతుంది. భయంతో "బాత్రూములో జారిపడ్డా" అన్నాడంటే ఆ ముక్క విచారణ పూర్తయ్యేదాకా వెంటాడుతుంది. పోలీసులు కొట్టారు, దేంతో కొట్టారు, ఒంటి మీద ఎక్కడ, ఏ రోజు, ఇంతవరకు చెప్తే చాలు. పేర్లు తెలియకపోతే "చూస్తే గుర్తుపడతాను" అనాలి. ఊహించి పేర్లు చెప్పొద్దు.

ఇక ఏ గాయం ఎంతకాలం కనిపిస్తుంది అన్నది. లాఠీ దెబ్బ తొడ మీదో వీపు మీదో పడితే రెండు సమాంతర ఎర్ర గీతలు, మధ్యలో పాలిపోయిన చారిక కనిపిస్తుంది. గుండ్రటి కర్ర నొక్కిన చోట రక్తం పక్కలకు తోసుకుపోయి, అంచుల్లో సన్నటి నాళాలు చిట్లుతాయి కాబట్టి అట్ల వస్తుంది. కింద పడితే ఆ గుర్తు రాదు. రెండు వారాల్లో దాదాపు మాయమవుతుంది. అరికాళ్ల దెబ్బలు ఇంకా మోసం: అక్కడి చర్మం మందం కాబట్టి కమిలినట్టు పైకి కనపడదు, పాదం పక్కల్లోనూ వంపులోనూ వెతకాలి. వాపు తగ్గాక మిగిలేది నడిస్తే వచ్చే నొప్పే. ఎముక విరుపుకు ఎక్స్‌రే, మెత్తటి కణజాలానికి ఎమ్మారై అడగండి.

తొడల మీద రోకలి దొర్లించారేమో తల్లిని కాదు, అతన్నే అడిగించండి. దానికి పైకి గాయం తక్కువ, లోపల కండ నలుగుతుంది. నలిగిన కండ నుంచి మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బ తీస్తుంది. మొదటి రోజుల్లో మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. సీపీకే అనే రక్త పరీక్షలో విలువ 12 గంటల్లోపే పెరగడం మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల్లో శిఖరానికి పోయి, ఆ తర్వాత రోజుల వ్యవధిలోనే దిగిపోతుంది. ఇప్పుడు చేయిస్తే మామూలుగానే రావచ్చు. అట్ల వచ్చినంత మాత్రాన కొట్టలేదని తేలినట్టు కాదన్న మాట నివేదికలో రాయించుకోవాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి, అది సాక్ష్యం కోసం కాదు, కుర్రోడి ప్రాణం కోసం.

బోర్డును అభిప్రాయం ఏ భాషలో రాయమనాలో కూడా మెమోలో పెట్టండి. చిత్రహింసల వైద్య పరీక్షకు ఐక్యరాజ్యసమితి పెట్టిన ఇస్తాంబుల్ ప్రోటోకాల్‌లో ఐదు మెట్లు ఉన్నాయి: చెప్పిన దానితో పొసగడం లేదు, పొసగుతుంది గానీ వేరే కారణాలూ ఉండొచ్చు, గట్టిగా పొసగుతుంది, ఈ రకం దెబ్బలకు మామూలుగా వచ్చేదే, ఇంకోరకంగా వచ్చే వీల్లేదు. "సింపుల్ గాయాలు" అని వదిలేసే సర్టిఫికెట్ కన్నా ఇందులో మూడో మెట్టు మాట ఎంతో బలం.

అన్నిటికన్నా విలువైన కాగితం ఇప్పటికే ఒకటి ఉండి ఉంటుంది. రిమాండ్‌కు ముందు చేయించే పరీక్షలో "గాయాలు లేవు, ఫిట్" అని రాసి ఉంటారు. అదే సాయంత్రం జైల్లో చేర్చుకునేటప్పుడు జైలు డాక్టరు మళ్లీ చూసి, మానవ హక్కుల కమిషన్ ఇచ్చిన నమూనాలో నింపాలి. రేపు గాయాలు తమ మీదికి రాకూడదని జైలు వాళ్లు సాధారణంగా ఉన్నది ఉన్నట్టే రాస్తారు. రెండు కాగితాలకూ మధ్య గంటలే తేడా, రాతలు మాత్రం వేరు. జైలు రాతలో "పసుపుపచ్చగా మారిన కమిలిన గాయం" అనే మాట ఉందేమో చూడండి. పసుపు రంగు 18 గంటలు గడవకుండా రాదు. ఉదయం 6 గంటలకు అరెస్టయ్యాడన్న మనిషి ఒంటి మీద సాయంత్రానికి పసుపు మచ్చ ఉంటే ఆ గాయం అరెస్టు కన్నా ముందుది. ఎరుపు, నీలం, నలుపు రంగులు చూసి మాత్రం గంటలు లెక్క కట్టనీయొద్దు, ఆ లెక్కలు నిలబడవు.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

తుంగభద్ర గారు చెప్పిన పసుపు మచ్చకు పోలీసుల జవాబు రెడీగా ఉంటుంది: "మేం పట్టుకోకముందే జనం కొట్టారు." అందుకే డీకే బసు కేసు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన 11 ఆదేశాల్లో ఒకటి, అరెస్టైన మనిషి అడిగితే ఒంటి మీది గాయాలన్నీ ఇన్‌స్పెక్షన్ మెమోలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, కాపీ ఇవ్వాలి. ఇంకొకటి, కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి వైద్య పరీక్ష. మెమోలో గాయాలు లేవని ఉంటే జనం కొట్టారన్న కథ చెల్లదు. మెమోనే లేకపోతే అది వేరే తప్పు.

ఇప్పుడు ఆ నాలుగు రోజులు. స్టేషన్ సీసీ కెమెరాల మీద 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో తీర్పు వచ్చింది. గేట్లు, లాకప్‌లు, వరండాలు, రిసెప్షన్, ఎస్సై, ఇన్‌స్పెక్టర్ గదులు, స్టేషన్ వెనక వైపు అన్నీ కనపడాలి, మాట కూడా రికార్డవ్వాలి, 18 నెలలు దాచాలి, అది కుదరని చోట కనీసం ఏడాది. చాలా చోట్ల హార్డ్‌డిస్క్ నిండగానే పాతదాని మీదే కొత్తది ఎక్కుతుంది, తర్వాత అడిగితే "సాంకేతిక లోపం" అంటారు. కాబట్టి ఫుటేజీ ఇమ్మని అడగడానికి ముందు, చెరపొద్దని నోటీసు పోవాలి. స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు, ఎస్పీకి, జిల్లా పర్యవేక్షణ కమిటీలో సభ్యుడైన కలెక్టర్‌కు, ముగ్గురికీ అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్ పోస్టు, అదే రోజు ఈమెయిల్. సోమవారం రాత్రి ఎన్ని గంటల నుంచి శుక్రవారం ఎన్ని గంటల వరకు, ఏ ఏ కెమెరాలు అన్నది రాయండి. ఇట్లాంటి మనుషుల్ని లాకప్‌లో పెట్టరు, పైగదిలోనో క్వార్టర్స్‌లోనో పెడతారు. అందుకే గేటు కెమెరా, వెనక కెమెరా ముఖ్యం.

కెమెరా పోయినా మిగిలేవి చాలా ఉన్నాయి. తల్లి 112కు ఫోన్ చేసి ఉంటే ఆ కాల్‌కు ఒక నంబరు, రికార్డింగు ఉంటాయి. వీధిలోని కిరాణా కొట్టు కెమెరాలో కారు పడి ఉండొచ్చు, అది మాత్రం ఎక్కువ రోజులు ఉండదు, ఇవాళే పోయి అడగండి. ఊరు దాటించి ఉంటే టోల్‌గేట్ రికార్డు. కుర్రోడి ఫోన్ ఎప్పుడు, ఏ టవర్ కింద ఆగిపోయిందో కాల్ రికార్డులో ఉంటుంది, కంపెనీలు 2 ఏళ్లు దాచాలి. ఇవి మనం అడిగితే ఇవ్వరు, బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద కోర్టు ఉత్తర్వు కావాలి. అదే పిటిషన్‌లో స్టేషన్ జనరల్ డైరీ కూడా అడగండి. దర్యాప్తు వివరాలు రాసుకునే కేస్ డైరీ ముద్దాయికి ఇవ్వరు, జనరల్ డైరీ వేరు. ఎవరు ఏ గంటకు ఏ పని మీద బయటికి పోయారో అందులో వరుస నంబర్లతో ఉంటుంది. మధ్యవర్తుల సంగతీ చూడండి: పంచనామాలో సంతకం పెట్టిన వీఆర్వో ఆ ఉదయం 6 గంటలకు నిజంగా బైపాస్‌లో ఉన్నాడా అన్నదానికి ఆయన ఫోన్ టవరే సాక్ష్యం.

కొట్టు కెమెరా ఫుటేజీని వాట్సాప్‌లో పంపించుకుంటే సరిపోదప్పా. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలు: ఒకటి కెమెరా సొంతదారు సంతకం చేసేది, రెండోది నిపుణుడిది, ఫైలు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తుతో) సహా. మొదటి భాగం కొట్టు ఆయన చేత కాపీ తీసిన రోజే సంతకం చేయించండి. పది రోజుల తర్వాత పోతే ఆయనకు ఎవరో ఫోన్ చేసి ఉంటారు.

సెక్షన్లు. నేరం ఒప్పించడానికి కొట్టడం బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త శిక్షా చట్టం) 120(1), 7 ఏళ్ల దాకా. తీవ్ర గాయమైతే 120(2), 10 ఏళ్ల దాకా. ఇది రాజీకి వీలున్న నేరం కాదు. ఒప్పించడానికి అక్రమంగా నిర్బంధించడం 127(8). చట్టవిరుద్ధమని తెలిసీ అధికారంతో నిర్బంధించడం 258. మన దేశం చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లోనే సంతకం చేసింది గానీ ఆమోదముద్ర వేయలేదు, ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి ఈ మామూలు సెక్షన్లతోనే నెట్టుకురావాలి. కుర్రోడు ఎరుకల అంటున్నారు, మన రాష్ట్రంలో అది షెడ్యూల్డ్ తెగ. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తిస్తే దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు, ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ పేరుతో సాగదీయడానికి వీల్లేదు, విధి నిర్లక్ష్యం చేసిన అధికారి మీద 4వ సెక్షన్ పడుతుంది. కుల ధ్రువీకరణ పత్రం ముందే తీసి పెట్టుకోండి. అది లేదన్న ఒక్క సాకుతో ఫైలు నెలలు ఆగుతుంది.

పెన్నగట్టు, ప్రొద్దుటూరు

సార్, ఎస్పీ ఆఫీసులో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చినాం, రసీదు ఉంది. ఇక కోర్టుకు పోవచ్చునా? ఇంకోటి, ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి "కేసు తేలిక చేయిస్తారు, కొంత డబ్బు కూడా ఇప్పిస్తా, స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమను" అంటున్నాడంట.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

గ్రీవెన్స్ రసీదు మీద ఆధారపడొద్దు. వరస ఇట్ల ఉండాలి: ముందు స్టేషన్‌కు రాతపూర్వక ఫిర్యాదు, తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద అని శీర్షికలోనే రాసి ఎస్పీకి పోస్టులో, అప్పటికీ కదలకపోతే అఫిడవిట్ జతచేసి 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గరికి. మెట్టు ఎగ్గొడితే పిటిషన్ రిటర్న్ అవుతుంది. 2024 జూలై 1 నుంచి 175(4) అని కొత్తది వచ్చింది: డ్యూటీలో చేసిన పనికి ప్రభుత్వ ఉద్యోగి మీద ఫిర్యాదైతే, దర్యాప్తుకు ఆదేశించే ముందు పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి వాదన మేజిస్ట్రేట్ చూడాలి. ఆ గ్యాప్‌లోనే సాక్షులు చల్లారిపోతారు. అందుకే ఫుటేజీ నోటీసు, మెడికల్ బోర్డు ఈ ఫిర్యాదు కన్నా ముందే అయిపోవాలని అంటున్నా.

ఎదుటి వకీలు రెండు అడ్డాలు వేస్తాడు. ఒకటి ప్రాసిక్యూషన్ అనుమతి, అంటే ఉద్యోగి మీద కేసు నడపడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన అనుమతి. పాత సీఆర్‌పీసీ 197, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 218 సెక్షన్ రక్షణ ప్రభుత్వం తప్ప మరెవరూ ఉద్యోగంలోంచి తీసేయలేని అధికారులకు. ఎస్సై, కానిస్టేబుళ్లకు మామూలుగా అది అందదు. వర్తించిన చోట కూడా 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే. రెండోది మన రాయలసీమకు, కోస్తాకు ప్రత్యేకం: 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం 53వ సెక్షన్, పోలీసుల మీద కేసు వేయడానికి మూడు నెలల గడువు. ఈ కాలం చెల్లిన చట్టాన్ని ఇంకా బయటికి తీస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఎన్. వేణుగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, 1964 రిపోర్టుల్లో ఉంది, అనుమానితుణ్ని కొట్టడం, నిర్బంధించడం ఆ చట్టం కింద చేసిన పనులు కావని, ఆ గడువు వాటికి పట్టదని తేల్చేసింది. కాపీ ఫైల్లో పెట్టుకోండి.

స్టాంపు కాగితం: ససేమిరా వద్దు. 120 రాజీ అయ్యే నేరం కాదు కాబట్టి ఆ కాగితంతో కేసు చట్టప్రకారం మూతపడదు. అయితే "నన్నెవరూ కొట్టలేదు" అని అఫిడవిట్ పుట్టిందంటే హైకోర్టులో వేసే నష్టపరిహారం రిట్ పిటిషన్ కూడా అక్కడితో సరి. బెదిరింపులుంటే సాక్షుల రక్షణ పథకం 2018 కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టొచ్చు. అందులో ఒక చిక్కు ఉంది: ప్రమాద నివేదిక ఇచ్చేది ఆ సబ్‌డివిజన్ డీఎస్పీనే, అంటే ఆరోపణ ఉన్న స్టేషన్ పైఅధికారే. వేరే సబ్‌డివిజన్ అధికారితో రాయించాలని దరఖాస్తులోనే అడగండి.

మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు పోవాలి. రాష్ట్ర కమిషన్ ఆఫీసు 2021లో కర్నూలుకు వచ్చింది. పెట్టే ముందు సభ్యులు కూర్చుంటున్నారో లేదో, ఆఫీసు ఎక్కడ నడుస్తోందో కనుక్కోండి, లేకపోతే ఢిల్లీ కమిషన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టండి. రెండు చోట్లా పెట్టొద్దు. రాష్ట్ర కమిషన్ ముందు ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ ముట్టుకోదు. పెట్టాక కమిషన్ ఎస్పీని నివేదిక అడుగుతుంది, "ఆరోపణలు నిరాధారం" అని వస్తుంది, దాని కాపీ మీకు పంపి మీ మాటేమని అడుగుతారు. ఎక్కువ ఫిర్యాదులు ఇక్కడే చస్తాయి, ఆ ఉత్తరానికి జవాబు రాసేవాళ్లుండరు. కాబట్టి ఫిర్యాదులో పనిచేసే అడ్రసు ఇవ్వండి.

పాతూరు, అనంతపురం

పీడీ ఉత్తర్వు సంగతి నేను చెప్తా. అది 1986 నాటి మన రాష్ట్ర చట్టం. విచారణ లేకుండా 12 నెలల దాకా లోపల పెట్టొచ్చు, అందుకే దాన్ని కొట్టేయించేది ఎక్కువగా తేదీల మీదే. చేతిలో ఒక క్యాలెండర్ పెట్టుకోండి. కలెక్టర్ వేసిన ఉత్తర్వును ప్రభుత్వం 12 రోజుల్లో ఆమోదించాలి. కారణాలు 5 రోజుల్లోపు అతనికి ఇవ్వాలి. 3 వారాల్లో, నిర్బంధానికి తగిన కారణం ఉందా లేదా చూసే సలహా మండలికి పోవాలి. నిర్బంధం మొదలైన రోజు నుంచి 7 వారాల్లో మండలి నివేదిక రావాలి. వీటిలో ఏది తప్పినా దాని మీద హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే నిర్బంధంలోని మనిషిని విడిపించమనే పిటిషన్ వేయొచ్చు.

ఇంగ్లీషు కట్ట గురించి అడిగినారు. కారణాలు అతనికి అర్థమయ్యే భాషలో తెలపకపోతే కారణాలు తెలుసుకుని వినతిపత్రం పెట్టుకోవడానికి రాజ్యాంగం 22(5) ఇచ్చిన హక్కు ఉత్తదే అవుతుందని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అయితే జైల్లో కాగితాలు ఇచ్చేటప్పుడు "తెలుగులో చదివి వినిపించారు, అర్థమైంది" అని వేలిముద్రో సంతకమో తీసుకుంటారు. ఆ అక్‌నాలెడ్జ్‌మెంట్ కాపీ ముందు చూడండి. వినిపించారని రాసి ఉన్నా వందల పేజీలు నోటితో చెప్పడం సరిపోదని వాదించవచ్చు. పేజీలు సరిగ్గా కనపడని జిరాక్సులైతే వాటి నంబర్లు రాసి, తెలుగు ప్రతులు, చదవగలిగే ప్రతులు కావాలని జైలు సూపరింటెండెంట్ ద్వారా వెంటనే అర్జీ పెట్టించండి. అడిగినట్టు కాగితం లేకపోతే హైకోర్టులో ఆ పాయింటు బలహీనపడుతుంది.

వినతిపత్రం, అంటే రిప్రజెంటేషన్, కలెక్టర్‌కూ ప్రభుత్వానికీ సలహా మండలికీ విడివిడిగా పోవాలి. జవాబు రావడానికి పట్టిన ఒక్కో రోజుకూ వాళ్లు కారణం చెప్పుకోవాలి. మండలి ముందు వకీలు హక్కు రాజ్యాంగమే ఇవ్వలేదు. స్నేహితుడో బంధువో పక్కన కూర్చుని చెప్పుకోవచ్చు. ప్రభుత్వం తరఫున వకీలు వస్తే మాత్రం ఇతనికీ ఇవ్వాలి.

ఒక హెచ్చరిక. "మొదటి ఉత్తర్వు మూడు నెలలకు మించకూడదు" అనే పాయింటు మీద 2014 నాటి చెరుకూరి మణి తీర్పు ఇంకా కొందరు రాసుకొస్తున్నారు. 2023 ఆగస్టులో పేసల నూకరాజు కేసులో దాన్ని సుప్రీంకోర్టు పక్కన పెట్టేసింది: మూడు నెలలన్నది కలెక్టర్‌కు అధికారం అప్పగించే కాలానికి, నిర్బంధానికి కాదు. ఆ పాయింటు మీద పేజీలు ఖర్చు చేయొద్దు. దాని బదులు 2023 సెప్టెంబరు నాటి అమీనా బేగం తీర్పు పట్టుకోండి. మామూలు శాంతిభద్రతల సమస్యకూ, ప్రజాజీవనమే దెబ్బతినే పరిస్థితికీ తేడా అందులో ఉంది. తెలంగాణ కేసే గానీ అక్కడి చట్టం కూడా ఈ 1986 చట్టమే. ఉత్తర్వు వేసేటప్పటికి మనిషి అప్పటికే రిమాండ్‌లో ఉంటే, బెయిలు మీద బయటికొచ్చే అవకాశం నిజంగా ఉందని కలెక్టర్ ఆధారాలతో రాశాడా? బెయిలు పిటిషన్, బెయిలు ఉత్తర్వుల కాపీలు కట్టలో ఉన్నాయా? 2011 నాటి రేఖ కేసు ఈ విషయం మీదే.

గడియారం గోపురం, కడప

ఇవన్నీ వకీలుకు ఫీజు ఇవ్వగలిగినోళ్ల మాటలు కదన్నా. హైకోర్టుకు నేలపాడు దాకా ఎవరు పోతారు?

పాతూరు, అనంతపురం

కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు, 1987 చట్టం 12వ సెక్షన్. 15100కు ఫోన్ చేసినా, జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో రాసిచ్చినా జిల్లా సంస్థ హైకోర్టు కమిటీకి పంపుతుంది. ఫైలు మాత్రం పూర్తిగా పంపాలి: ఉత్తర్వు, కారణాలు, కట్ట, అక్‌నాలెడ్జ్‌మెంట్, వినతిపత్రాల పోస్టు రసీదులు. సగం పంపితే అక్కడి వకీలు మళ్లీ అడుగుతాడు, నెల పోతుంది.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

నష్టపరిహారం, పెద్దాయన కేసు రెండూ కలిపి చెప్తా.

రాజ్యాంగం 226 కింద హైకోర్టు రిట్‌లో పరిహారం అడగడానికి బాట వేసింది 1983 నాటి రుదుల్ షా కేసు, నిర్దోషిగా తేలాక 14 ఏళ్లు జైల్లో ఉంచారు. 1993లో నీలాబతి బెహరా కేసులో లక్షన్నర ఇప్పించారు. 2025 జూలైలో కశ్మీర్‌లోని కుప్వారాలో కస్టడీ హింసకు గురైన కానిస్టేబుల్ కేసులో 50 లక్షలు, సీబీఐ దర్యాప్తు. ఆ మొత్తం చూసి ఆశపడేముందు 2006 నాటి సూబే సింగ్ తీర్పు చదవండి: హక్కుల ఉల్లంఘన వివాదానికి తావులేనంత స్పష్టంగా ఉండాలి, వైద్య సాక్ష్యమో గట్టి ఆధారమో ఉండాలి, లేకపోతే సివిల్ కోర్టుకు పొమ్మంటారు. కుర్రోడి విషయంలో జైలు మెడికల్ షీటు కోసం ఇంత పట్టుబట్టేది ఇందుకే.

పెద్దాయనకు సివిల్ దావా దారి మూసుకుపోయింది. అక్రమ నిర్బంధానికి విడుదలైన రోజు నుంచి, దురుద్దేశపు ప్రాసిక్యూషన్‌కు నిర్దోషిగా తేలిన రోజు నుంచి ఏడాదే గడువు. కారణం లేకుండా అరెస్టు చేయించినందుకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఒక పరిహారం ఉంది, గరిష్ఠం వెయ్యి రూపాయలు, చదివి నవ్వుకోండి. 2018లో లా కమిషన్ 277వ నివేదికలో తప్పుడు ప్రాసిక్యూషన్లకు ప్రత్యేక చట్టం కావాలని సిఫారసు చేసింది, రాలేదు.

రిట్‌కు గడువు లేదు గానీ ఇన్నేళ్లు ఎందుకు ఆగావని అడుగుతారు. 1994లో అరెస్టైన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 2018లో 50 లక్షలు వచ్చాయంటే, సీబీఐ 1996లోనే కేసు అబద్ధమని మూసేసింది, ఆయన కూడా మానవ హక్కుల కమిషన్ నుంచి మొదలుపెట్టి ఎక్కడా వదల్లేదు. గుజరాత్‌లోని అక్షర్‌ధామ్ గుడి మీద దాడి కేసులో 2014లో నిర్దోషులుగా బయటికొచ్చినవాళ్లు పరిహారం అడిగితే 2016లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మన ఉమ్మడి రాష్ట్రంలోనే మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన యువకులకు ప్రభుత్వం జీవోతో డబ్బు ఇస్తే 2013లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అంటే నిర్దోషి అన్న తీర్పు ఒక్కటే చాలదు. ఆ తీర్పులో జడ్జి ఏం రాశాడన్నది ముఖ్యం. "అనుమానం లాభం ఇచ్చి" వదిలారా, లేక పోలీసులు సాక్ష్యం కల్పించారని రాశారా? రెండోదైతే ఆ పేరాలు పట్టుకుని రిట్ వేయొచ్చు.

పాత కేసులు పూర్తిగా చచ్చిపోయినట్టు కాదు. కెన్యాలో 1950లలో బ్రిటిష్ శిబిరాల్లో హింసలు పడిన 5,228 మందికి 2013లో దాదాపు 2 కోట్ల పౌండ్ల సెటిల్‌మెంట్ దొరికింది. బ్రిటన్ ప్రభుత్వం దాచిన ఫైళ్లు హాన్‌స్లోప్ పార్క్‌లో బయటపడటం అందులో పెద్ద మలుపు. ఉత్తర ఐర్లాండ్‌లో 1971లో విచారణ లేకుండా పట్టుకుపోయి, తలలకు ముసుగులు వేసి, గోడకు ఆనించి గంటలకొద్దీ నిలబెట్టిన 14 మంది విషయంలో, దర్యాప్తు అక్కర్లేదన్న పోలీసుల నిర్ణయం చెల్లదని 2021 డిసెంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడా ఆర్కైవ్‌లో దొరికిన కాగితాలే పని చేశాయి.

పెద్దాయన చేత మూడు దరఖాస్తులు పెట్టించండి. సెషన్స్ కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో తీర్పు, రిమాండ్ ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు. పాత ఫైళ్లు గడువు దాటాక ధ్వంసం చేస్తారు కాబట్టి ముందు ఇది. జైలు సూపరింటెండెంట్‌కు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ కేసు నంబరు కింద ఉంచారో ధ్రువపత్రం. ఖైదీ నంబరు గుర్తుంటే రాయాలి, లేకపోతే తండ్రి పేరు, కేసు నంబరు, ఏ కోర్టు రిమాండో రాస్తే వెతుకుతారు. మూడోది తన సొంత వైద్య రికార్డులకు సమాచార హక్కు దరఖాస్తు. "ధ్వంసమయ్యాయి" అంటే ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ తేదీన అని మొదటి అప్పీలులో అడగాలి, అప్పీలుకు గడువు జవాబు అందిన రోజు నుంచి 30 రోజులు.

పెన్నగట్టు, ప్రొద్దుటూరు

కొట్టు కెమెరా ఆయన్ను ఇప్పుడే కలిసినాం. సోమవారం రాత్రి 9:40కి కారు కనపడుతోంది, నంబరు ప్లేటు సగమే పడింది.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

సగం చాలు. కాపీ తీసుకుని డీవీఆర్‌ను (కెమెరా రికార్డయ్యే పెట్టెను) అట్లనే ఉంచమనండి, డిస్క్ విప్పొద్దు. డీవీఆర్ గడియారం, మీ ఫోన్ గడియారం రెండూ ఒకే ఫ్రేములో పడేట్టు ఫొటో తీయండి, ఎన్ని నిమిషాలు ముందో వెనకో సర్టిఫికెట్‌లో రాయించండి.